కంధమాల్ సీటు మనకేం చెబుతోంది?



పోయిన వారం రాత్రి అన్నాలు తిన్నాక మా హాస్టల్లో గొడవైంది. "మతం మారినోళ్లని ఎస్టీ లిస్టులోంచి తీసెయ్యాలి" అని ఒకడు. "ముందు నువ్వు మన కొండ పండగకి ఊరెళ్లు, తర్వాత మాట్లాడు" అని ఇంకొకడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు. రెండ్రోజులు మాటల్లేవు. అందుకే ఒడిశాలోని కంధమాల్ ఎంపీ సీటు గురించి రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, చివరిదాకా చదవండి.

కంధమాల్ జిల్లా జనాభాలో సగానికి పైగా ఎస్టీలే. ఎక్కువమంది కోందులు. వాళ్ల కుయి భాష, మన తెలుగు, గోండి ఒకే ద్రావిడ కుటుంబానివి. వాళ్ల పక్కనే పాణోలనే దళితులుంటారు, వాళ్లలో చాలామంది క్రైస్తవులు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. ఎస్టీకి ఆ షరతు లేదు. మేమూ కుయి మాట్లాడతాం, మాకూ ఎస్టీ హోదా ఇవ్వండని పాణోలు అడిగారు. మా భూమి, మా రిజర్వేషన్ పోతాయని కోందులు భయపడ్డారు. అంటే అసలు తగాదా భూమి గురించి, సర్టిఫికెట్ గురించి. దానికి మతం రంగు పూశారు.

2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతిని చంపేశారు. మావోయిస్టులు తామే చంపామని చెప్పారు. అయినా దాడులు క్రైస్తవుల మీదే జరిగాయి. పదుల మంది చనిపోయారు, వేల ఇళ్లు తగలబడ్డాయి, జనం నెలల తరబడి శిబిరాల్లో బతికారు.

ఇప్పుడు ఓట్ల సంగతి చూద్దాం. అంతకుముందు అది ఫూల్‌బని సీటు, ఎస్సీ రిజర్వుడు. పునర్విభజనలో కంధమాల్ అయి, జనరల్ అయ్యింది. 2009 ఎన్నికల ముందు బీజేడీ బీజేపీతో పొత్తు తెంచుకుంది. ఎంపీగా బీజేడీ తరఫున రుద్రమాధవ్ రాయ్ గెలిచారు. అదే ఎన్నికల్లో జి.ఉదయగిరి అసెంబ్లీ సీటును, అల్లర్ల కేసుల్లో జైల్లో ఉన్న బీజేపీ అభ్యర్థి గెలుచుకున్నాడు. 2014లో నయాగఢ్ రాజకుటుంబానికి చెందిన హేమేంద్ర చంద్ర సింగ్ గెలిచి, కొన్ని నెలలకే చనిపోయారు. ఉప ఎన్నికలో ఆయన భార్య ప్రత్యూష గెలిచారు. 2019లో అచ్యుత సామంత. వీళ్లంతా బీజేడీయే. 2024లో బీజేపీ నుంచి సుకాంత పాణిగ్రాహి.

ఐదు ఎన్నికల్లో ఐదుగురు గెలిచారు. ఒక్కరూ ఆదివాసీ కాదు, ఒక్కరూ పాణో కాదు.

ఎందుకు? ఏడు అసెంబ్లీ సీట్లలో బాలిగుడ, జి.ఉదయగిరి, ఫూల్‌బని మాత్రమే ఎస్టీ. మిగతా నాలుగు బౌధ్, నయాగఢ్, గంజాం జిల్లాల వైపువి. కొండోళ్లు ఒక్కటై నిలబడితేనే పార్టీలు టికెట్ గురించి ఆలోచిస్తాయి. వాళ్లేమో రెండుగా చీలి ఉన్నారు. కొట్టుకున్నది కొండ మీదోళ్లు, ఢిల్లీకి పోయింది వేరేవాళ్లు.

"జనం ఇష్టపడే ఓటేశారు కదా, మతం చూసి వేస్తే బీజేడీ ఎలా గెలుస్తుంది?" అని అడగొచ్చు. నిజమే, ఓటర్లు గుడ్డిగా మతానికే ఓటెయ్యలేదు. మేం అడిగేది ఎవరు ఓడారని కాదు, మన తరఫున మాట్లాడేవాళ్లు ఎందుకు రాలేదని.

ఇక మన సంగతి. ఏపీలో మనకున్న ఎంపీ సీటు ఒక్క అరకు. తెలంగాణలో ఆదిలాబాద్, మహబూబాబాద్. ఎస్టీ సీట్లు ఎస్టీ జనాభాను బట్టే ఇస్తారు, రాజ్యాంగం 330వ అధికరణం చెప్పేది అదే. మతం మారినోళ్లని లిస్టులోంచి తీసేస్తే మన లెక్క తగ్గుతుంది. లెక్క తగ్గితే సీటుకే ఎసరు. అప్పుడు చర్చికెళ్లేవాడికీ పోతుంది, గంగమ్మకు మొక్కేవాడికీ పోతుంది.

పండగలు, భాష, మొక్కులు కాపాడుకోవాలన్నవాళ్ల బాధ మాకు అర్థమవుతుంది, మాకూ ఉంది. దాని గురించి ఊళ్లో కూర్చుని పెద్దలతో మాట్లాడుకుందాం. అంతేగానీ తోటోడి సర్టిఫికెట్ చింపితే మన పండగ తిరిగిరాదు.

మా హాస్టల్లో ఆ ఇద్దరూ నిన్నటి నుంచి మళ్లీ ఒకే ప్లేటులో తింటున్నారు. మీ హాస్టల్లో ఈ మాట వస్తే ఏం చేస్తున్నారో కింద రాయండి. తిట్టుకోకుండా రాయండి.

జోహార్.