గడి నిండింది, ఎవరితో?

విశ్వవిద్యాలయాల్లో సామాజిక వైవిధ్యం గురించి అడిగినప్పుడల్లా పాలకులు ప్రవేశాల అంకెలు చూపిస్తారు. 2010-11లో మొదలైన అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, ఓబీసీలు ఎందరు అని లెక్కిస్తోంది. అవసరమైన పనే. అయితే ఆ గడుల్లో ఉన్నదెవరో అది చెప్పదు.

మా పొన్నూరు ప్రాంతాన్నే తీసుకుందాం. ఇక్కడి నుంచి రేపల్లె, బాపట్ల తీరం దాకా కాలువ గట్ల మీద బతికే యానాదులు, స్టువర్టుపురం ఎరుకలు, పల్నాటి సుగాలీలు అందరూ ఒకే ‘ఎస్టీ’ గడిలో కలిసిపోతారు. ఆ గడి నిండినంత మాత్రాన యానాది పిల్ల నాగార్జున విశ్వవిద్యాలయం గడప తొక్కిందని చెప్పగలమా? 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా ఎస్సీల విషయంలో అడిగిందీ ఈ లెక్కే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించాక, 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ కోటాను రెల్లి, మాదిగ, మాల గ్రూపులకు 1, 6.5, 7.5 శాతాలుగా పంచింది. సీటు పంచారు సరే, ఆ సీట్లో కూర్చున్నవారు ఏమయ్యారు? ఎవరు మధ్యలో మానేశారు? ఎవరి ఫీజు బకాయి పడి సర్టిఫికెట్ ఆగింది? ఎవరికి పరిశోధక పర్యవేక్షకుడు దొరకలేదు? నేను పాల్గొన్న ఏ సమావేశంలోనూ ఈ పట్టిక బల్ల మీదికి రాలేదు.

ఫిర్యాదుల లెక్క మరీ దారుణం. సమాన అవకాశాల విభాగాలు ఏర్పాటు చేయాలని యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించాడు. 2019లో గుంటూరుకు చెందిన అతని తల్లి రాధిక, ముంబయి వైద్యురాలు పాయల్ తడ్వి తల్లి అబేదా సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ విభాగాలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో చెప్పమని కోర్టు యూజీసీని ఆదేశించింది 2025 జనవరిలో. ఈ లెక్క అడగడానికి ఇద్దరు తల్లుల కడుపుకోత కావలసివచ్చింది.

కులం అడిగితే కులతత్వం పెరుగుతుందని కొందరు అధ్యాపకుల వాదన. మొదటిరోజే ర్యాంకు అడిగి కులం ఆరా తీసేవారు ఈ మాట అనడం వింత. కానీ విద్యార్థి భయాన్ని కొట్టిపారేయలేం. పేరు పక్కన కులం రాసి నోటీసుబోర్డుకు అతికించడం చాటింపు అవుతుంది గాని గణాంకం కాదు. తరగతిలో కులం పేరు ప్రకటించడాన్ని 2012 నిబంధనలే వివక్షగా గుర్తించాయి. విద్యార్థి ఇచ్చిన వివరం అతని విభాగానికి చేరకూడదు. శాఖలో యానాది విద్యార్థి ఒక్కడే ఉంటే, పట్టికలో ‘1’ అన్న అంకె కూడా అతని పేరు చెప్పేసినట్టే. అలాంటి చోట ఐదేళ్ల అంకెలు కలిపి ప్రకటించాలి. ఆ ఐదేళ్లలో ఒక్కరినీ చేర్చుకోని శాఖల పేర్లను మాత్రం దాచకుండా అచ్చువేయాలి.