‘అయ్యో’ అంటే చాలదు, లెక్క చెప్పండి!

కవిత్వం చదివేవాళ్ళ మెచ్చుకోళ్ళు రెండు రకాలుగా ఉండడం మేం చాలా కాలంగా చూస్తున్నాం. ఇంట్లో రొట్టె కాల్చడం గురించో, కేకు చేయడం గురించో, అమ్మచేతి పిండివంట గురించో కవిత వినిపిస్తే ‘ఆహా, ఎంత కమ్మగా ఉంది’ అంటారు. మిల్లులోనో, గనిలోనో, పొగగొట్టంలోనో అరిగిపోయిన పసిపిల్లల గురించి కవిత వినిపిస్తే ‘అయ్యో పాపం, ఆ రోజులు అట్లా ఉండేవి’ అంటారు. మొదటిదానికి నోరూరుతుంది. రెండోదానికి కన్నీళ్ళూరతాయి. రెండూ అయ్యాక చేతులు దులుపుకుని లేచిపోతారు. ఆ ‘ఆహా’తోనూ ఈ ‘అయ్యో’తోనూ మాకు పేచీ ఉంది.

ఎందుకంటే ఆ రెండు కవితలూ ఒకే ఇంటివి. కింద పొయ్యిలో రొట్టె కాలుతుంది. ఆ పొయ్యి మీది పొగగొట్టంలో పిల్లవాడు మసి గోకుతుంటాడు. రొట్టె తిన్నవాడు వాసన గురించి రాస్తాడు, మసి తిన్నవాడికి రాత రాదు. చదివేవాళ్ళు వంటింటిని ఒక పుస్తకంలోనూ పొగగొట్టాన్ని ఇంకో పుస్తకంలోనూ చదివి, ఈ రెంటికీ సంబంధమే లేదన్నట్టు కూర్చుంటారు.

ఇది మేం అల్లిన పోలిక కాదు. ఇంగ్లండులో నిజంగా జరిగింది. ఇరుకు చిమ్నీల్లో పెద్దవాళ్ళు పట్టరు. అందుకని పేదల పిల్లల్ని, దిక్కులేని పిల్లల్ని మేస్త్రీలకు అప్పగించి, నాలుగైదేళ్ళ వయసులోనే చిమ్నీలెక్కించేవాళ్ళు. మోకాళ్ళు, మోచేతులు చెక్కుకుపోయి రక్తం కారితే, చర్మం మొద్దుబారాలని ఉప్పునీళ్ళు పెట్టి రుద్దేవాళ్ళు. ఆ మసి వల్ల పెద్దయ్యాక వృషణాల తిత్తికి కాన్సరు వస్తోందని పెర్సివల్ పాట్ అనే డాక్టరు 1775లోనే రాశాడు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోకూడదని 1788లో చట్టమొచ్చింది. మరుసటేడు, 1789లో, విలియం బ్లేక్ చిమ్నీ ఊడ్చే పిల్లల మీద కవిత అచ్చేశాడు. 1794లో అదే పేరుతో ఇంకొకటి, మరింత కోపంతో రాశాడు.

మరి ఎప్పుడు ఆగింది? బ్లేక్ పుస్తకం అప్పట్లో కొద్దిమంది చేతికే అందింది, నిజమే. 1824లో జేమ్స్ మాంట్‌గొమరీ ఈ పిల్లల పక్షాన తెచ్చిన సంకలనంలో మొదటి కవితను చేర్చాడు. చదివినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. 1834లో చట్టం, 1840లో చట్టం, 1864లో చట్టం. పిల్లలు మాత్రం ఎక్కుతూనే ఉన్నారు. 1875లో జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లవాడు కేంబ్రిడ్జి దగ్గర చిమ్నీలో ఇరుక్కుని చచ్చిపోయాక గానీ గట్టి చట్టం రాలేదు. మొదటి కవితకూ ఆ చట్టానికీ మధ్య 86 ఏళ్ళు. అంటే మూడు తరాల పాఠకులు ‘అయ్యో’ అన్నారు, మూడు తరాల పిల్లలు మసి మింగారు.

ఇంకో సంగతి వినండి. చిమ్నీని కింది నుంచే ఊడ్చే కుంచెను జార్జ్ స్మార్ట్ 1803లోనే తయారుచేశాడు. పిల్లవాడితో పని లేదు. అయినా ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. గదులు మసవుతాయన్నారు, వంకర చిమ్నీలకు కుంచె పనికిరాదన్నారు. చట్టం తెద్దామంటే ప్రభువుల సభ 1819లో తోసిపుచ్చింది. కుంచె కోసం చిమ్నీ బాగుచేయించడం కన్నా పిల్లవాడే చవక. ఈ లెక్క ఇళ్ళవాళ్ళకు తెలుసు. తెలిసీ పుస్తకం ముందు కన్నీళ్ళు పెట్టుకోవచ్చు. కన్నీళ్ళకు ఖర్చేముంది!

ఇప్పుడు ఎలిజబెత్ బారెట్ సంగతి. పెళ్ళయ్యాక బ్రౌనింగ్ అయింది. ఆమె ‘పిల్లల ఏడుపు’ 1843 ఆగస్టులో బ్లాక్‌వుడ్స్ పత్రికలో వచ్చింది. గనుల్లో, కార్ఖానాల్లో పిల్లల పని మీద వేసిన ప్రభుత్వ కమిషన్లో ఆమె స్నేహితుడు హార్న్ పనిచేశాడు. ఆ నివేదికలు చదివి ఆమె రాసింది. గొప్ప కవితే, మేం కాదనం. దేశం కదిలిందన్నారు. మరుసటేడు, 1844లో, ఫ్యాక్టరీ చట్టమొచ్చింది. అందులో పిల్లల పనిని రోజుకు ఆరున్నర గంటలకు తగ్గించారు. అదే చట్టంలో మిల్లులో చేర్చుకునే వయసును తొమ్మిదేళ్ళ నుంచి ఎనిమిదికి దించారు! కన్నీటి తడి ఆరకముందే ఎనిమిదేళ్ళవాడిని లోపలికి తోశారు. ‘కవిత్వం మనుషుల్ని మారుస్తుంది’ అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ రెండో ముక్క ఎందుకు చెప్పరు?

ఆ కవయిత్రి ఇంటి అన్నం ఎక్కడిది? జమైకాలో వాళ్ళ కుటుంబానికున్న చెరుకు తోటలది. ఆ తోటల్లో పనిచేసింది బానిసలు. తమది బానిస యజమానుల నెత్తురేనని ఆమే ఒక ఉత్తరంలో ఒప్పుకుంది. బానిసత్వానికి ఎదురుగా కవితలూ రాసింది. అది ఆమె నిజాయితీ. కానీ చదివేవాళ్ళ నిజాయితీ ఏమైంది? జమైకా చెరుకు తోటల్లో పిల్లలకు వేరే గుంపు ఉండేది. ఐదారేళ్ళకే కలుపు తీయడానికి, పశువులకు గడ్డి కోయడానికి తోలేవాళ్ళు. 1833 చట్టంతో బానిసత్వం రద్దు చేసినప్పుడు యజమానులకు 2 కోట్ల పౌన్లు నష్టపరిహారమిచ్చారు. వీపు మీద కొరడా దెబ్బలున్నవాళ్ళకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. మాంచెస్టరు మిల్లు పిల్లవాడికి కవిత దొరికింది, చెరుకు తోట పిల్లవాడు ఆ కవితలో లేడు. ఆ పిల్లవాడు కలుపు తీసిన చేలోని చక్కెర మాత్రం చదివేవాడి కేకులో ఉంది.

కేకు మాటొచ్చింది గనక అమెరికా వెళదాం. ఎమిలీ డికిన్సన్ తన గదిలో ఈ బారెట్ బ్రౌనింగ్ బొమ్మే పెట్టుకుంది. ఇంట్లో రొట్టె, కేకు చేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. రై పిండీ మొక్కజొన్న పిండీ కలిపి చేసిన రొట్టెకు 1856లో ఊరి ప్రదర్శనలో రెండో బహుమతి వచ్చింది. కొబ్బరి కేకు కొలతలు రాసుకున్న కాగితం వెనక కవిత రాసుకుంది. ఇక ఆమె నల్ల కేకు! 2 పౌన్ల పిండి, 2 పౌన్ల చక్కెర, 2 పౌన్ల వెన్న, 19 గుడ్లు, 5 పౌన్ల ఎండుద్రాక్ష, పైన చెరుకు మడ్డి, బ్రాందీ. ఇవాళ ఆమె పాఠకులు ఆ కేకు చేసుకుని తిని మురిసిపోతున్నారు. హార్వర్డు లైబ్రరీ వాళ్ళు కూడా చేశారు.

తినండి, మాకేం కోపం లేదు. మా ప్రశ్న ఒకటే. ఆ చక్కెర ఎక్కడిది? ఆ కొలతలు 1883లో స్నేహితురాలికి పంపినవి. అప్పటి అమెరికాకు విదేశీ చక్కెర ఎక్కువగా వచ్చింది క్యూబా నుంచి. క్యూబాలో బానిసత్వం పూర్తిగా పోయింది 1886లో, ఆమె చనిపోయిన ఏడాదే. 19 గుడ్లు లెక్కపెట్టినవాళ్ళు ఈ ఒక్క లెక్క వేయలేరా?

ఇంకో ప్రశ్న. ఆ వంటింట్లో ఆమె ఒక్కతే ఉందా? 1869 నుంచి ఆ ఇంట్లో మార్గరెట్ మేహర్ అనే ఐర్లండు పనిమనిషి ఉంది. సుమారు 30 ఏళ్ళు చాకిరీ చేసింది. కవయిత్రి కవితలు దాచుకుంది ఈ పనిమనిషి ట్రంకుపెట్టెలో. చనిపోతే శవపేటిక మోసింది ఆ ఇంట పనిచేసిన ఐర్లండు కూలీలు. రొట్టె గురించి, ఒంటరితనం గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి. ట్రంకుపెట్టె మనిషి మీద పుస్తకం రావడానికి వందేళ్ళు దాటింది.

‘వంటింటి కవితను కూడా వదలరా? అది ఆడవాళ్ళ శ్రమ కాదా?’ అని అడిగేవాళ్ళుంటారు. శ్రమే. మేం కాదనలేదు. వంటింటి చాకిరీని పని కింద లెక్కేయమని మేమూ అడుగుతున్నాం. అయితే లెక్క మొదలెట్టాక సగంలో ఆపొద్దు. వండిన అమ్మను లెక్కేసి, అంట్లు తోమిన అమ్మను వదిలేస్తే అది లెక్క కాదు, మాయ.

‘కవిత్వాన్ని కవిత్వంలా చదవాలి, ఈ చక్కెర గొడవేంటి’ అనేవాళ్ళూ ఉంటారు. అయ్యా, ఈ గొడవ మాది కాదు. ఆ దేశపు కవులే ఎత్తారు. విలియం కూపర్ 1788లోనే ఒక ఎకసెక్కపు కవిత రాశాడు. బానిసల మీద జాలి పడుతూనే చక్కెర మాత్రం మానలేనని సాకులు చెప్పే పెద్దమనిషి నోటితో నడుస్తుంది. మన పాఠకుడి ఫోటో అదే.

ఆ దేశంలోనే ఇంకో రకం చదువరులూ పుట్టారు. 1791లో బానిస వ్యాపారం రద్దు బిల్లును పార్లమెంటు ఓడించింది. విలియం ఫాక్స్ అనే ఆయన చక్కెర మానండని చిన్న కరపత్రం వేశాడు. చదివిన ఆడవాళ్ళు ఇంట్లో చక్కెర డబ్బా పక్కనబెట్టారు. సుమారు 3 లక్షల మంది మానేశారని థామస్ క్లార్క్‌సన్ అంచనా. 1824లో ఎలిజబెత్ హేరిక్ ‘మెల్లమెల్లగా కాదు, ఇప్పుడే రద్దు చేయండి’ అని రాస్తే ఆడవాళ్ళ సంఘాలు గడపగడపకూ తిరిగాయి. చదవడమంటే ఇదీ! కరపత్రం వంటింటిదాకా వెళ్ళింది. వీళ్ళు ‘అయ్యో’ అని ఊరుకోలేదు. తమ చేతిలో ఉన్న స్పూనును అనుమానించారు.

అయితే వాళ్ళ లెక్కలోనూ ఒక బొక్క ఉంది, అది మనదాకా వస్తుంది. జమైకా చక్కెర మాని కొందరు ఈస్టిండియా చక్కెర కొన్నారు. ఇది బానిసలు చేసింది కాదని గిన్నెల మీద రాయించుకుని మరీ వాడారు. ఇండియాలో బానిసలే లేరట! బారెట్ కవిత వచ్చిన ఆ 1843లోనే కంపెనీ సర్కారు ఇక్కడ 5వ చట్టం చేసింది, ఇకమీదట కోర్టులు బానిసత్వాన్ని గుర్తించవని. అంటే అంతవరకూ గుర్తించాయన్నమాటే గదా! ఆ బానిసలు ఎవరు? దక్షిణాదిలో పొలంతో పాటు చేతులు మారిన అంటరాని కులాలవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళకు గిన్నె మీద చోటు దొరకలేదు, కవితలోనూ దొరకలేదు.

అందుకే ‘చారిత్రక బాలకార్మికులు’ అనే మాట వింటే మాకు ఒళ్ళు మండుతుంది. చరిత్ర ఎవరికి? మేం బడి పంతుళ్ళం. మా ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్ళం. తెలంగాణలో జీతగాడు, కోస్తాలో పాలేరు అంటారే, ఆ కొలువు మా అన్నలది, మా చిన్నాయనలది. తండ్రి అప్పుకు కొడుకును దొర పశువుల వెనక పెట్టేవాళ్ళు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. పండక్కి అరిసెలు కమ్మగా ఉన్నాయని కవిత రాసే అయ్యలు, ఆ బెల్లం వండిన గానుగ చుట్టూ ఎడ్లు తోలిన పిల్లవాడెవరో ఒక్కసారి చెప్పండి. అరిసె మీ జ్ఞాపకం. గానుగ మా జ్ఞాపకం. రెండూ ఒకే పండగవి.

బ్లేక్ కవితకు కళ్ళు తుడుచుకునే ఇంగ్లీషు ఎం.ఏ.లు ఇక్కడా ఉన్నారు. 1990లలో, 2000 తర్వాత కూడా, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల హైబ్రిడ్ పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి వేలాది ఆడపిల్లల్ని పెట్టారు. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి రాయాలి. చిన్న వేళ్ళు బాగా పనికొస్తాయన్నారు. చిమ్నీకి చిన్న ఒళ్ళు పనికొస్తుందన్న మాటా ఇదే. తల్లిదండ్రులకు ముందే అప్పిచ్చి పిల్లని కట్టేసుకున్నారు. ఎక్కువమంది దళితులు, గిరిజనులు, వెనకబడిన కులాల పిల్లలు. ఆ రోజుల్లో మా హాజరు పట్టీలు చూస్తే తెలిసేది, ఏ వాడ పిల్లలు బడిలో లేరో. 2011 జనాభా లెక్కల్లో కూడా 5–14 ఏళ్ళ పిల్లల్లో పనిచేసేవాళ్ళు దేశంలో కోటి మంది పైనే తేలారు.

చట్టం? 1986లో ఒకటి వచ్చింది. 2016లో సవరించారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదన్నారు. అంటూనే, బడి వేళలు దాటాక, సెలవుల్లో, కుటుంబం పనిలో సాయం చేయొచ్చన్నారు. కుటుంబం పనంటే ఈ దేశంలో ఏంటి? కులం పని. తోలు పని, చేను పని, బట్టీ పని. దొరబాబు కుటుంబం పని షేర్లు చూసుకోవడం. మా కుటుంబం పని నడుము వంచడం. వయసును తొమ్మిది నుంచి ఎనిమిదికి దించిన 1844 నాటి చేయి ఇక్కడా పనిచేసింది.

కాబట్టి చదువరులారా, కవిత ఏదైనా మూడు ప్రశ్నలు వేయండి. రొట్టె కవిత చదివితే, పిండి విసిరిందెవరు, చక్కెర పండించిందెవరు, పొయ్యి ఊడ్చిందెవరు అని అడగండి. పిల్లల కష్టం మీద కవిత చదివితే, ఆ కష్టంతో బాగుపడ్డది ఏ ఇల్లు అని అడగండి. ‘ఆ రోజులు పోయాయి’ అని నోటికొస్తే, ఎవరికి పోయాయి అని అడగండి. ఈ మూడూ అడగకుండా పెట్టే కన్నీరు, తిన్న తర్వాత మూతి తుడుచుకోవడం లాంటిది.

మా కవులకూ ఒక మాట. జాలి కోసం రాయకండి. జాలి వాళ్ళ దగ్గర దండిగా ఉంది. వందల ఏళ్ళుగా పంచుతూనే ఉన్నారు, తరగలేదు. మనకు కావలసింది పద్దు. పేరు, వయసు, ఎన్నేళ్ళ జీతం, ఎంత అప్పు, ఎవరి చేను, ఏ పండగ. అన్నీ రాయండి. మీ వాడలో చిన్నప్పుడు జీతమున్న పెద్దవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని రాసుకుని పంపండి. మెచ్చుకోలు ఉత్తరాలు మాకొద్దు. ఆ పద్దులు పంపండి, ఈ పేజీల్లోనే వేద్దాం. అప్పుడు ‘ఆహా’ అన్నవాళ్ళ చేతిలో అరిసె ఎట్లా ఉంటుందో చూద్దాం.