సంతకం పెట్టేయ్ అన్నది నేనే

కూకట్‌పల్లిలో రోజూ పొద్దున్నే కూలీల అడ్డా నిండుతుంది. మేస్త్రీకి ఎంత, కూలీకి ఎంత అన్నది అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు. నిన్ననే ఊరి నుంచి దిగినవాడికి కూడా పక్కవాడు చెబుతాడు, ఇంతకు తక్కువైతే బండెక్కకు అని. ఆ అడ్డాకు కాస్త దూరంలోనే, ఒక టీ కొట్టు దగ్గర శనివారం సాయంత్రాలు మేం కలిసేవాళ్లం. ఉద్యోగాలు మానేసి సొంతంగా ప్రోగ్రామింగ్ పనులు పట్టుకుంటున్న ఎనిమిది మందిమి. ఏళ్ల తరబడి పరిచయం. అయినా ఒకరి గంట రేటు ఇంకొకరికి తెలియదు.

అడిగితే బాగుండదనుకున్నాం. దానికి మొహమాటం అని పేరు పెట్టుకున్నాం. నిజానికి అది భయం. నా రేటు తెలిస్తే పక్కవాడు నా క్లయింటు దగ్గరికెళ్లి వంద తగ్గించి చేస్తానంటాడేమోనని. ఆ భయం ఊరికే పుట్టలేదు, మాలో కొందరం ఆ పని చేశాం. నేనూ ఒకసారి చేశాను.

ఒకరోజు ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఉద్యోగం వదిలి నెల కూడా కాలేదు. జీతం 60 వేలు ఉండేదట. నెలకు 22 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 176 గంటలు. భాగించుకుంటే గంటకు 340 వచ్చింది. ‘350 అడగనా అన్నా?’ అన్నాడు. మేం తలలూపాం.

176 గంటలకూ డబ్బిచ్చేవాడు ఉండడని మా ఎనిమిది మందికీ తెలుసు. పని వెతుక్కోవడం, ఫోన్లు, కొటేషన్లు, బిల్లు కోసం తిరగడం పోను డబ్బొచ్చే గంటలు వంద మిగిలితే గొప్ప. అంటే పాత జీతం నిలబెట్టుకోవడానికే గంటకు 600 కావాలి. ఆపైన పీఎఫ్ ఉండదు, జీతంతో సెలవుండదు, ఆరోగ్య బీమా మనమే కట్టుకోవాలి, పని లేని నెలలకు కూడా ఇప్పుడే దాచుకోవాలి. వెయ్యికి తగ్గకు అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే 350కి పనిచేసే కుర్రాడు మాకు అవసరం. మాలో ఇద్దరం అతనికి పని ఇచ్చాం. క్లయింటు దగ్గర నేను గంటకు 1,100 తీసుకుని అతనికి 350 ఇచ్చాను, మూడు నెలలపాటు. మూడో నెల డబ్బు సమయానికి ఇవ్వలేదు కూడా. నా క్లయింటు నాకు ఇవ్వలేదని చెప్పాను.

చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతుంది. మా బిల్లులు ఆగినప్పుడల్లా టీ కొట్టు దగ్గర ఈ చట్టం పేరెత్తేవాళ్లం. ఆ రక్షణ కావాలంటే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, డబ్బేమీ కట్టక్కర్లేదు అన్న ఒక్క ముక్క మాత్రం అతనికి ఎవరమూ చెప్పలేదు.

దసరాకు ముందు ఒక చీరల వ్యాపారి ఆన్‌లైన్ దుకాణం పని అతనికి నేరుగా వచ్చింది. 65 వేలకు ఒప్పుకున్నాడు. ఆరు పేజీల అగ్రిమెంటు తెచ్చి నా టీ గ్లాసు పక్కన పెట్టాడు. ‘అన్నా, నాలుగో పేజీలో ఇండెమ్నిటీ అని ఏదో ఉంది, చూస్తారా?’ చూశాను. ప్రత్యక్షంగా వచ్చినా పరోక్షంగా వచ్చినా నష్టమంతా డెవలపరే భరించాలని ఉంది. ఎంతవరకు అన్న హద్దు లేదు. ఒప్పందం తప్పితే వచ్చే దూరపు, పరోక్ష నష్టాలకు పరిహారం ఇవ్వనక్కర్లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెబుతుంది. చట్టం వేసిన ఆ కంచెను తనే తీసేస్తానని అతను రాసిస్తున్నాడు. పైగా అతనికి కంపెనీ లేదు, ఎల్‌ఎల్‌పీ లేదు. వ్యాపారం మీద పడ్డ అప్పు నేరుగా ఇంటి మీద పడుతుంది. ఇదంతా తెలిసీ పేజీ తిప్పి, ‘అందరూ ఇదే ఇస్తారు, సంతకం పెట్టేయ్’ అన్నాను. పక్కన ముగ్గురున్నారు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

పండగ అమ్మకాల్లో రెండు డిస్కౌంట్ కూపన్లు ఒకేసారి పనిచేశాయి. దానికి కారణమైన మార్పు వ్యాపారే ఫోన్లో అడిగి పెట్టించుకున్నాడు, కాగితం మీద లేదు. ఫోన్లో అడిగినదాన్ని మెయిల్లో రాయించుకోమని కూడా మేం నేర్పలేదు. రెండు రాత్రుల్లో చీరలు దాదాపు ఊరికే పోయాయి. వ్యాపారి 3 లక్షల 80 వేలు కట్టమన్నాడు. బతిమాలితే రెండున్నర లక్షల దగ్గర తెగింది. వాళ్లమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి.

ఆ శనివారం అందరం వ్యాపారిని తిట్టాం. కాగితంలో ఉన్నదే అతను అడిగాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టించింది మేం. ఎనిమిది మందిమి తలా 30 వేలు వేసుకున్నా దాదాపు తీరిపోయేది. ఆ మాట ఎవరి నోటా రాలేదు, నా నోటా రాలేదు. అతను మళ్లీ ఉద్యోగంలో చేరాడు. టీ కొట్టుకు రావడం మానేశాడు.

ఒక సంగతి మిగతా ఏడుగురిలో ఎవరికీ తెలియదు. అప్పటికే నా అగ్రిమెంట్లన్నింటిలో ఒక వాక్యం ఉండేది. ఏ కారణం వల్ల నష్టం వచ్చినా నా పూచీ ఈ పనికి నాకు ముట్టిన ఫీజును మించదని. లాయరుకు ఐదు వేలిచ్చి రాయించుకున్నాను. అతను నాలుగో పేజీ చూపించిన సాయంత్రం ఆ ఫైలున్న లాప్‌టాప్ నా కాళ్ల దగ్గర, బ్యాగులోనే ఉంది.