పాతికేళ్ల నాటి విలువ, నేటి పన్ను

ఆంధ్రప్రదేశ్‌లో భూముల రిజిస్ట్రేషన్ విలువలు 2025 ఫిబ్రవరి 1 నుంచి మారినా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో తాతల నాటి ఇల్లో స్థలమో అమ్ముకునే కుటుంబాల పన్నును తేల్చేది 2001 ఏప్రిల్ 1 నాటి సర్కారు విలువే. ఆ తేదీకి ముందే చేతికొచ్చిన స్థిరాస్తికి నాటి మార్కెట్ ధరను ఖరీదుగా చూపవచ్చు గానీ, అది ఆనాటి సర్కారు విలువను, అంటే స్టాంపు విలువను, మించరాదని 2020 ఆర్థిక చట్టం హద్దు గీసింది. బజారు ధరకు దూరంగా, స్టాంపు సుంకం కోసం రాసుకున్న అంకెను ఆదాయపు పన్నుకు కొలబద్ద చేయడం అన్యాయం. ద్రవ్యోల్బణ సూచీ పద్ధతి ఎంచుకున్నవారికి నాటి విలువలో లక్ష రూపాయలు తగ్గితే, 2025-26 సూచీ 376 ప్రకారం పన్ను పడే లాభం 3.76 లక్షలు పెరుగుతుంది. మగ్గం నేసి కట్టుకున్న ధర్మవరం ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అమ్మకపు ధరపై వివాదం వస్తే మూల్యాంకన అధికారికి నివేదించమని కోరే వీలు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. 2001 విలువకూ ఆ వీలు కేంద్రం కల్పించాలి. ఈలోగా రిజిస్ట్రేషన్ల శాఖ ఈ మూడు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల పాత విలువల పుస్తకాలను సర్వే నంబర్లు, డోర్ నంబర్ల వారీగా ప్రజల ముందుంచి, ఆ విలువల ధ్రువీకరణ పత్రాన్ని గడువులోగా ఇవ్వాలి.