సొరంగం నుంచి బయటపడ్డవారి కోసం

నాగర్‌కర్నూల్ జిల్లా కలెక్టర్ గారికి,

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారాల తరబడి వెతికితే దొరికినవి రెండు మృతదేహాలే. ప్రాణాలతో బయటపడ్డ కార్మికుల సంగతేమిటి? ఆ బురదలో తోటి మనుషుల కోసం వెతికిన సింగరేణి రెస్క్యూ సిబ్బంది సంగతేమిటి? జార్ఖండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు భయమేస్తోందంటే పని పోతుందని నోరు విప్పడు. ఇక్కడ ఇదే మొదటి ప్రమాదం కాదు; ఆ దగ్గర్లోనే 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో మంటలు తొమ్మిది మందిని బలిగొన్నాయి.

విరిగిన కాలికి కట్టు కట్టించినట్టే, నిద్ర పట్టని మనిషికీ వైద్యం చేయించాలి. వాళ్ల భాష తెలిసిన మానసిక వైద్యులను పంపండి. కోలుకునేదాకా జీతంతో సెలవు ఇప్పించండి. మళ్లీ సొరంగంలో దిగమని ఎవరినీ బలవంతపెట్టొద్దని కాంట్రాక్టు సంస్థలను ఆదేశించండి.

ఇట్లు,
మన్ననూర్ వాసి