బంగారం ఒకటే, తవ్వకం ఖర్చే వేరు

కుప్పం: తులం బంగారం ధర ప్రపంచమంతటా దాదాపు ఒకటే. ఆ తులాన్ని భూమిలో నుంచి పైకి తెచ్చే ఖర్చు మాత్రం దేశానికొక తీరు, గనికొక తీరు. చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు 2018లో వేలానికి వచ్చి ఎన్.ఎం.డి.సి.కి దక్కిన నేపథ్యంలో ఈ ఖర్చు లెక్కలు పరిసర గ్రామాల ప్రజలు తెలుసుకోదగినవి.

ఈ గనులకు పెద్దదిక్కు పొరుగునున్న కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ ఆధునిక పద్ధతిలో తవ్వకం మొదలుపెట్టింది. తొలినాళ్లలో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా బంగారం పడేది. చివరి రోజుల్లో అది 3 గ్రాముల ప్రాంతానికి దిగజారింది. అంటే 10 గ్రాముల బంగారానికి మూడు టన్నులకు పైగా రాయి పగలగొట్టాలి. ఆ రాతిని మూడు కిలోమీటర్ల లోతు నుంచి పైకి లాగాలి. లోపలికి గాలి తోలాలి, ఊటనీరు తోడిపోయాలి. ఇన్ని ఖర్చులు పెట్టి తీసిన బంగారానికి ఆనాడు ప్రపంచ మార్కెట్‌లో ఔన్సుకు, అంటే సుమారు 31 గ్రాములకు, 270 డాలర్ల ప్రాంతమే ధర. రాబడి కంటే ఖర్చు మించిపోయి, 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. వాటితో పాటే చిగురుగుంటలోనూ పని ఆగింది.

లోతే కారణమా?

లోతు ఒక్కటే కారణమనుకుంటే దక్షిణాఫ్రికాను చూడాలి. అక్కడి మపోనెంగ్ గని దాదాపు నాలుగు కిలోమీటర్ల లోతు. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైన మంచు తయారుచేసి గొట్టాల ద్వారా లోపలికి పంపి గనిని చల్లబరుస్తారు. ఇంత ఖర్చయినా అది నడుస్తున్నదంటే, రాతిలో బంగారం పాలు ఎక్కువగా ఉండటమే కారణం. అలాంటి రాయి అన్నిచోట్లా లేదు. 1970లో దాదాపు 1,000 టన్నుల బంగారం తీసిన ఆ దేశం ఇప్పుడు ఏడాదికి 100 టన్నుల ప్రాంతానికి పడిపోయింది.

ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ గని కథ మరోరకం. అక్కడ టన్నుకు 2 గ్రాములు కూడా పడదు. కూలి రేట్లు మన కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా గిట్టుబాటవుతోంది. అది సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పు ఉన్న తెరచిన గొయ్యి. ఒక్కో లారీ 200 టన్నులకు పైగా రాయి మోస్తుంది. వందమంది చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది గనుక కూలి ఎక్కువైనా టన్నుకు పడే ఖర్చు తక్కువ. ఇండొనేషియాలోని గ్రాస్‌బర్గ్‌లో బంగారంతో పాటు రాగి కూడా వస్తుంది. రాగి అమ్మిన సొమ్ము ఖర్చులో చాలాభాగాన్ని భరిస్తుంది.

కూలి చౌక అయితే గని లాభమన్న మాట నిజం కాదని దీన్నిబట్టి తేలుతోంది. రాతిలో బంగారం పాలు, లోతు, యంత్రం, తోడు వచ్చే ఖనిజం, వీటన్నిటినీ కలిపి లెక్కగట్టాలి. పైపెచ్చు ధర కూడా మారుతుంది. 2024లో ఔన్సు 2,500 డాలర్లు దాటింది. నాడు నష్టమన్న రాయి నేడు లాభం కావచ్చు. ధర పడిపోతే మళ్లీ మూతపడనూవచ్చు.

లెక్కకెక్కని ఖర్చు

కంపెనీ పుస్తకాల్లో కనిపించని ఖర్చు మరొకటి ఉంది. కోలారులో గని మూతపడినా సైనైడ్ దిబ్బలు మిగిలిపోయాయి. గాలి వీస్తే ఆ ధూళి ఇళ్లలోకి వస్తుంది. దక్షిణాఫ్రికాలో పాత గనులు నిండి 2002 నుంచి ఆమ్లపు నీరు పైకి పొంగుతోంది. రాతి ధూళితో ఊపిరితిత్తులు చెడిన కార్మికులకు నష్టపరిహారంగా సుమారు 500 కోట్ల రాండ్ల ఒప్పందాన్ని అక్కడి కోర్టు 2019లో ఆమోదించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మాత్రం గని నడిచే కాలంలోనే పాడైన నేలను బాగుచేసే నిధికి కంపెనీలు ఏటా చెల్లించాలని చట్టం ఉంది. ఒకచోట ఈ ఖర్చు ముందే గనిపై పడుతుంది, మరొకచోట తరువాత ఊరిపై పడుతుంది. తేడా అంతే.

మన దేశంలోనూ 2015 చట్టసవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. వేలంలో ఇచ్చిన గనుల నుంచి రాయల్టీలో 10 శాతానికి సమానమైన సొమ్ము దీనికి రావాలి. తాగునీరు, ఆరోగ్యం, విద్యకు దాన్ని ముందుగా ఖర్చు చేయాలన్నది నిబంధన. గని తెరిచే ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో "ఎన్ని ఉద్యోగాలు?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. "తోడిన నీరు ఎక్కడికి వదులుతారు? దిబ్బలు ఎవరు కప్పుతారు? మూతపడితే ఆ సొమ్ము ఎవరి దగ్గర ఉంటుంది?" అన్న ప్రశ్నలు కూడా అప్పుడే అడగాలి. జవాబులు కాగితం మీదికి రావాలి. గని మూతపడ్డాక అడిగితే వినేవారుండరని కోలారు అనుభవం చెబుతోంది.