అట్లాంటిక్ మీద ఒక రాత్రి నిద్రకి ఎంత పెట్టొచ్చు?

సీటుకి టికెట్టు కొంటాం. ఆ సీటు ఎక్కడుండాలో చెప్పడానికి మళ్లీ డబ్బు! అయిదు అమెరికా విమాన సంస్థలు 2018 నుంచి 2023 వరకు ఇలా సీట్ల ఎంపిక మీద వసూలు చేసిన మొత్తం అక్షరాలా 1,240 కోట్ల డాలర్లట. 2024 నవంబరులో అమెరికా సెనేట్ ఉపసంఘం ఒకటి ఈ లెక్క బయటపెట్టింది. 2023లో యునైటెడ్ సంస్థకి పెట్టెల ఫీజు కంటే సీట్ల ఫీజు మీదే ఎక్కువ వచ్చిందని కూడా అందులో ఉంది. పెట్టెకంటే మన నడుమే వాళ్లకి లాభసాటి బేరమన్నమాట.

అమెరికా గొడవ మనకెందుకులే అనుకోకండి. ఆ సీట్లలో కూర్చునేవాళ్లలో మన అమ్మలు, అత్తలు, పిన్నులు బోలెడుమంది. కూతురి పురిటికని వెళ్లి, ఆర్నెల్లుండి తిరిగొచ్చే తల్లి లండన్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వస్తే అట్లాంటిక్ సముద్రం దాటేది దాదాపు రాత్రిపూటే. వెళ్లేటప్పుడు ఇంత ఇబ్బంది ఉండదు. యూరప్ నుంచి అమెరికాకి ఎక్కువ విమానాలు పగలే. సూర్యుడి వెనకాలే పరుగెత్తినట్టుంటుంది, ఎంతకీ పొద్దు గూకదు. తిరుగు ప్రయాణంలోనే ఉంది తంటా. న్యూయార్క్‌లో సాయంత్రం ఆరు, పది మధ్యన ఎక్కించుకుని, తెల్లారేసరికి యూరప్‌లో దించేస్తారు. ఆ ఒక్క రాత్రి కాస్త సుఖంగా కూర్చోవడానికి ఎంత పెట్టొచ్చు, ఎంత పెడితే దండగ అన్నదే నా లెక్క.

చవక టికెట్టుకీ సుఖానికీ పోట్లాట కొత్తదేం కాదు. ఎకానమీ తరగతి అట్లాంటిక్ మీద 1958లో మొదలైంది. తక్కువ టికెట్టువాళ్లకి భోజనం వడ్డించకూడదు, శాండ్‌విచ్‌లతో సరిపెట్టాలి అని విమాన సంస్థలు తమలో తాము కట్టడి చేసుకున్నాయి. స్కాండినేవియా దేశాల సంస్థ శాండ్‌విచ్ పేరుతో మరీ ఘనంగా పెట్టేస్తోందని అమెరికాకి చెందిన పాన్ ఆమ్ ఫిర్యాదు చేస్తే, ఆ పెట్టిన పాపానికి జరిమానా కూడా వేశారు! తర్వాత 1977లో ఫ్రెడ్డీ లేకర్ అనే ఆయన లండన్ నుంచి న్యూయార్క్‌కి 59 పౌండ్లకే విమానం నడిపాడు. భోజనం కావాలంటే విడిగా కొనుక్కోవాల్సిందే. 1982 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా తీసింది. ఈ మధ్య కాలంలో ఐస్‌లాండ్‌కి చెందిన వావ్ సంస్థ 2019 మార్చిలో మూతపడింది. నార్వేజియన్ 2021 జనవరిలో దూర ప్రయాణాలు మానుకుంది. చవక టికెట్లవాళ్లు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ల ధరలు చూసి బెదిరిన పెద్ద సంస్థలు మాత్రం ఒక పాఠం నేర్చుకున్నాయి. టికెట్టు ధర తక్కువగా చూపించి, పెట్టె, సీటు, కాళ్లు చాపుకునే జాగా అన్నీ విడదీసి అమ్ముకోవడం! పెద్ద సంస్థలు చాలా 2018 నాటికే అట్లాంటిక్ మీద కూడా ఈ బేసిక్ టికెట్లు పెట్టేశాయి.

సీటు సంగతికొద్దాం. మన పల్లెవెలుగు బస్సులో ఒక పక్క ముగ్గురు, ఇంకో పక్క ఇద్దరు కూర్చుంటారు. సూపర్ లగ్జరీలో ఇద్దరూ ఇద్దరే. బస్సు వెడల్పు మాత్రం పెద్దగా మారదు. విమానంలో జరిగిందీ అదే. బోయింగ్ 777లో మొదట్లో చాలా సంస్థలు వరుసకి 9 సీట్లు పెట్టేవి, ఇప్పుడు ఎక్కువమంది 10 పెడుతున్నారు. గోడలు వెనక్కి జరగవు కదా, 18 అంగుళాల పైచిలుకున్న సీటు 17కి దిగింది. బోయింగ్ 787లో 8 సీట్లు పట్టే చోట దాదాపు అందరూ 9 ఇరికించారు. ఎయిర్‌బస్ 330లో వరుసకి 8, 350లో 9 ఉంటే సీటు 18 అంగుళాలు వస్తుంది. అంగుళం తేడాకి ఇంత రభసా అనకండి. జాకెట్టు కుట్టించుకునే మనకి అంగుళం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. టికెట్టు మీద విమానం రకం రాసే ఉంటుంది. రెండు టికెట్ల ధర దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు నేనైతే ముందు చూసేది అదే. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక కాళ్ల జాగా. ముందు సీటుకీ మన సీటుకీ మధ్య కొలత ఎకానమీలో 31 అంగుళాలో 32 అంగుళాలో ఉంటుంది. ప్రీమియం ఎకానమీలో 38 దాకా వస్తుంది, సీటు వెడల్పూ పెరుగుతుంది. ఈ రెండింటి మధ్యన ఇంకో రకం ఉంది. అక్కడే చాలామంది బోల్తా పడేది. కంఫర్ట్ అనో, ప్లస్ అనో పేరు పెట్టి, కాళ్లకి రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఇచ్చి, అదే ఇరుకు సీటు అమ్ముతారు. యునైటెడ్‌లోనే చూడండి. ఎకానమీ ప్లస్ అంటే కాళ్లకి మాత్రమే జాగా. ప్రీమియం ప్లస్ అంటే సీటే వేరు. పేర్లలో తేడా ఒక్క మాట, డబ్బులో తేడా చాలా. పొడుగు మనిషికి మొదటిది పనికొస్తుంది. మన అమ్మలు ఎక్కువమంది అయిదడుగులు, అయిదుంబావు. వాళ్లకి కావలసింది పక్కకి ఒత్తిగిలడానికి చోటు. అది ఆ ప్లస్ సీటులో దొరకదు.

ఇంతకీ సీటు ఇంతకంటే చిన్నదిగా ఉండకూడదని చట్టం లేదా? ఉండీ లేనట్టే. 2017లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు దీన్ని కుంచించుకుపోతున్న సీటు కేసు అని వేళాకోళంగా పిలుస్తూనే, విమానయాన శాఖని మళ్లీ ఆలోచించమంది. 2018లో అమెరికా కాంగ్రెస్ సీటుకి కనీస కొలత నిర్ణయించమని చట్టమే చేసింది. ప్రమాదం వస్తే 90 సెకన్లలో విమానం ఖాళీ అవ్వాలన్నది రూలు కాబట్టి, ఇరుకు సీట్ల నుంచి జనం ఎంతసేపట్లో బయటపడతారో చూడడానికి ఓక్లహోమాలో పరీక్షలు పెట్టారు. 720 మంది పాల్గొన్నారు. అందరూ 18, 60 ఏళ్ల మధ్యవాళ్లే! పిల్లల్లేరు, పెద్దవాళ్లు లేరు, కర్ర పట్టుకు నడిచేవాళ్లు లేరు. మోకాళ్ల నొప్పులతో, చీరతో లేచే 65 ఏళ్ల ఆవిడ ఆ లెక్కలో ఎక్కడుంది చెప్పండి? ప్రయాణికుల సంఘం మళ్లీ కోర్టుకెళితే, ఈసారి కొలత పెట్టి తీరాలని ఆదేశించడానికి 2023 మార్చిలో కోర్టు ఒప్పుకోలేదు. చట్టం చెప్పిన ఆ కనీస కొలత ఇంతవరకూ ఖరారు కాలేదు. కాబట్టి మన జాగ్రత్త మనదే.

సరే, డబ్బు లెక్క వేద్దాం. న్యూయార్క్ నుంచి లండన్‌కి గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి ఏడు గంటల లోపే చేరుస్తారు. రాత్రి 9కి బయల్దేరితే అక్కడ ఉదయం 9, మన ఒంటికి మాత్రం తెల్లవారుజాము 4. విమానం పైకి లేచి, భోజనాలు పెట్టి, ఎంగిలి పళ్లేలు తీసేసరికి రెండు గంటలు. దిగడానికి గంటన్నర ముందే లైట్లు వేసి, ఫలహారమని లేపేస్తారు. మిగిలేది మూడున్నర గంటలు. ప్రీమియం ఎకానమీ టికెట్టు సాధారణంగా ఎకానమీకి ఒకటిన్నర, రెండు రెట్లుంటుంది. ఈ ఒక్క రాత్రికే తేడా 35 వేల రూపాయలనుకుందాం. గంట నిద్రకి పదివేలు! అదీ పడుకోవడం కాదు, వాలుకుర్చీలో కునుకు. పూర్తిగా నడుం వాల్చాలంటే బిజినెస్ క్లాసు. దాని ధర మనలో చాలామందికి అందేది కాదు. అదే డాలస్ నుంచైతే లండన్‌కి ఎనిమిదిన్నర గంటలు దాటుతుంది, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచైతే పది. భోజనం, ఫలహారం అంతే సమయం తింటాయి, పెరిగిందంతా నిద్రకే. గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్లయితే ఒకే బిగిని పన్నెండు, పదమూడు గంటలు కూర్చోవాలి. అక్కడ అదే 35 వేలు అంత దండగ అనిపించదు. అందుకే నా మాట ఏమిటంటే, న్యూయార్క్, బోస్టన్ నుంచి యూరప్‌కి వచ్చే పొట్టి రాత్రికి పెద్ద సీటు కొనడం వృథా. ఆ డబ్బేదో యూరప్ నుంచి హైదరాబాద్‌కి వచ్చే ఎనిమిది, పది గంటల ముక్కకి పెడితే మేలు. రెండు ముక్కలకీ రెండు తరగతులు కొనుక్కోవచ్చని చాలామందికి తెలియదు.

మరి ఆ పొట్టి రాత్రికి ఏమీ పెట్టక్కర్లేదా? ఒకదానికి పెట్టాలి. నడవ పక్క సీటుకి. ఎందుకంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. రెట్టింపన్నా ఆరువేలమందిలో ఒకరికి, గుండెలు బాదుకోనక్కర్లేదు. అయితే గర్భవతులకి, గర్భనిరోధక మాత్రలో, ముట్లుడిగాక హార్మోన్లో వాడేవాళ్లకి, ఇదివరకు ఇలా గడ్డ వచ్చినవాళ్లకి ముప్పు ఎక్కువ. అంటే ఇది ముఖ్యంగా ఆడవాళ్ల గొడవే. 2012లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘం చెప్పింది వినండి. ఎకానమీ సీటు వల్లే గడ్డలొస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, కదలకుండా కూర్చోవడమే ముప్పు, కిటికీ పక్క సీటు కదలనివ్వదు. మన ఆడవాళ్లు పక్కనున్న మగవాళ్లని లేపడం మొహమాటమై, లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు. కాళ్లు వాచిపోయి దిగుతారు. నడవ పక్కనుంటే ఎవర్నీ బతిమాలక్కర్లేదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయొచ్చు. చాలా సంస్థలు ప్రయాణానికి 24 గంటల ముందు మిగిలిన సీట్లని ఉచితంగా ఎంచుకోనిస్తాయి గానీ, అప్పటికి నడవ పక్కవి మిగులుతాయన్న నమ్మకం లేదు.

మోకాలు మడవలేని పరిస్థితి, కట్టు కట్టిన కాలు ఉన్నవాళ్ల సంగతి వేరు. అమెరికా వచ్చిపోయే విమానాల్లో అలాంటివారికి అదే తరగతిలో కాళ్లకి జాగా ఉన్న సీటు ఇవ్వాలని అక్కడి నిబంధనే ఉంది. ముందుగా అడగాలి. వీల్‌చైర్ రాయించినంత మాత్రాన సీటు మారదు. నిజంగా ఒంట్లో బాగాలేనివాళ్లకి పెద్ద సీటు కొనాల్సి వస్తే నా పదివేల లెక్కని పక్కన పడేయండి.

చెప్పొద్దూ, నాకు కోపం తెప్పించేది విమాన సంస్థలు మాత్రమే కాదు. మా వదిన న్యూజెర్సీ నుంచి వస్తున్నప్పుడు వాళ్లబ్బాయి ఫోన్లో అడిగాడు, "అమ్మా, పెద్ద సీటు తీసుకోనా?" అని. ఆవిడ ఠక్కున, "నాకెందుకురా, ఎలాగో కూర్చుంటాలే" అంది. అదే అన్నయ్య వెళ్లినప్పుడు, "మీ నాన్నకి నడుం నొప్పిరా, మంచి సీటు చూడు" అని తనే పురమాయించింది! ఆవిడకి నడుం లేదు కాబోలు. ఆర్నెల్లు మనవణ్ణి ఎత్తుకుని, వంటింట్లో నిలబడి వచ్చే మనిషికి ఆ ఏడు గంటలు ఎలాగో అలా గడిచిపోతే చాలని ఆవిడే తేల్చేసింది. పిల్లలూ అమ్మ వద్దందిగా అని ఊరుకుంటారు. అడగాల్సింది పెద్ద సీటు కావాలా అని కాదు. మోకాళ్లెలా ఉన్నాయి, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, ఎన్ని గంటలు ఒకే చోట కూర్చోగలవు అని అడగాలి. అప్పుడు జవాబు దానంతటదే వస్తుంది.

నిద్ర గొడవే లేకుండా చేసే ఉపాయం ఒకటుంది. న్యూయార్క్, బోస్టన్ లాంటి ఊళ్ల నుంచి లండన్‌కి పొద్దున్నే బయల్దేరి రాత్రికి చేర్చే విమానాలు కొన్ని ఉన్నాయి. పగలంతా కూర్చుని, రాత్రి మంచం మీద పడుకుని, మర్నాడు హైదరాబాద్ విమానం ఎక్కొచ్చు. బస ఖర్చు పెద్ద సీటు తేడా కంటే తక్కువే కావచ్చు, కాకపోతే బయటికి వెళ్లడానికి వీసా అవసరమేమో ముందే చూసుకోవాలి. ఒకే టికెట్టు మీద 24 గంటల లోపు మారితే బ్రిటన్ ప్రయాణపు పన్ను పడదు. ఎలాగూ దిగాం కదా, మేనకోడలింట్లో మూడ్రోజులుండి వెళదామనుకుంటే మాత్రం పన్ను కట్టాలి. 2025-26లో లండన్ నుంచి మన దేశానికి అది ఎకానమీలో 90 పౌండ్లు, ప్రీమియం ఎకానమీ అయినా, బిజినెస్ అయినా 216. మేనకోడల్ని చూసి రావద్దనను. ఆ ముక్కకి ఏ సీటు కొంటున్నారో మాత్రం ఈ పన్ను తేడా కూడా కలుపుకుని చూసుకోండి.